అమ్మమ్మ ఎడమచెయ్యి

మా తాత నెరేయోకి అమ్మమ్మ ఇల్దె మీద అనుమానమేమీ లేదు. ఆయన కుళ్లంతా ఆవిడ ఎడమచెయ్యి గురించే.

ఆ చెయ్యి ఉండాల్సిన చోటు తన సైకిల్ సీటని ఆయన నమ్మకం. పందెం సైకిలుకి బ్రేకులుండవు. పాదాల్ని పెడళ్లకి పట్టీలతో బిగించేస్తారు. ఈల మోగేదాకా ఎవరో ఒకరు వెనకనుంచి సీటు పట్టుకుని నిలబెట్టాలి, మోగగానే ఒక తోపు తోసి వదలాలి. అమ్మమ్మది ఎడమచేతి వాటం. పెళ్లికి ముందు నుంచీ తాత ఏ పందెం మొదలుపెట్టినా ఆ చెయ్యి తోస్తేనే.

ఇటలీలో ట్రెవీజో దగ్గర మా ఊళ్లో వేసవి శుక్రవారాలు సిమెంటు ట్రాక్ మీద పందేలు. వయసు తేడాల్లేవు. పగలంతా మోకాళ్ల మీద కూర్చుని ఇళ్లకు టైల్స్ పరిచే తాత, యాభై రెండేళ్ల వయసులో, సాయంత్రం అవే మోకాళ్లతో మీసాలు సరిగా రాని కుర్రాళ్లని ఓడించేవాడు.

ఆ శుక్రవారం ఎత్సియో అనే పంతొమ్మిదేళ్లవాడు ఒంటరిగా వచ్చాడు. ఎప్పుడూ సీటు పట్టుకునే వాళ్ల నాన్న రాలేదు.

"పిన్నీ, కాస్త నా సీటు పట్టుకుంటావా?" అన్నాడు.

"దానికేం నాయనా, రా!" అంది అమ్మమ్మ.

వాడు గెలిచాడు. మళ్లీ పట్టుకుంది, మళ్లీ గెలిచాడు. అవతల తాత కూడా గెలుస్తూనే ఉన్నాడు గానీ ఆ సంగతి ఆయనకే పట్టలేదు.

"వాడి సీటు పట్టుకుని నవ్వుతున్నావేం? నాది పట్టుకుని ఎప్పుడన్నా నవ్వావా?"

"నువ్వెప్పుడన్నా నవ్వించావా?"

ఆఖరి పందెం వాళ్లిద్దరికే పడింది.

"ఇప్పుడు తేల్చు. నేనా, వాడా?" అన్నాడు తాత.

"నాకు రెండు చేతులున్నాయయ్యా. నోరు మూసుకుని ఎక్కు."

"పెద్దాయనా, నేను ట్రాక్ కంచె పట్టుకుని నిలబడతాలే," అన్నాడు ఎత్సియో పాపం, మర్యాదగానే. ఆవిడ పిన్ని, తను పెద్దాయన! తాత చెవులు ఎర్రబడ్డాయి.

చీటీ తీస్తే ఎత్సియోకి లోపలి వైపు, తాతకి బయటి వైపు వచ్చింది. బయటిదే మేలు. లోపలివాడు మొదటి చుట్టు ముందు నడవాలి, వెనకున్నవాడు వాడి వీపు చాటున దమ్ము దాచుకుని చివర్లో దూకుతాడు. తాత మురిసిపోవాల్సిందే. కానీ అమ్మమ్మ వచ్చి ఇద్దరి మధ్యా వెనక నిలబడింది. లోపలి వైపంటే ఎడమవైపు. ఆ ఎడమచెయ్యి వెళ్లి ఎత్సియో సీటు పట్టుకుంది.

"ఆగండి! నాకు లోపలి వైపు కావాలి," అన్నాడు తాత.

ఈల నోట్లో పెట్టుకున్న రిఫరీ దాన్ని బయటికి తీశాడు. "నెరేయో, ఎండ దెబ్బ కొట్టిందా?"

"కుర్రాడికి ఇష్టమేనా, కాదా?"

ఎత్సియోకి ఎందుకు కష్టం? దిగి మారాడు.

ఈల మోగింది. తాత బాణంలా లేచాడు. ఎత్సియో పాములా వంకరపోయి నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత తాత వీపు వెనక హాయిగా ఒదిగి, ఆఖరి మలుపులో బయటికొచ్చి, సగం చక్రం తేడాతో గెలిచాడు.

తాత రొప్పుతూ వచ్చి అమ్మమ్మ పక్కన దిగాడు.

"బుద్ధుందా నీకు? చేతికొచ్చినదాన్ని వదులుకుంటావా?" అంది అమ్మమ్మ.

"లోపల గాలి తక్కువ."

"గాలట గాలి!" ఆవిడ ఎడమ భుజం రుద్దుకుంది. "నిన్ను తోసీ తోసీ నా భుజం పట్టేసింది."

తాత మొహం విచ్చుకుంది. "మరి వాణ్ణో?"

"కుడిచేత్తో నేనేం తొయ్యగలను? వాడు పడకపోవడమే గొప్ప."

ఎత్సియో బహుమతిగా ఇచ్చిన సలామీ మాంసపు చుట్ట చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పిన్నీ, వచ్చే శుక్రవారం..."

"మీ నాన్నని తెచ్చుకో," అన్నాడు తాత.

ఇంటికి నడుస్తూ దారంతా ఆ ఎడమచెయ్యి పట్టుకునే ఉన్నాడు. అందుకని సైకిల్ని ఒంటిచేత్తో నడిపించాల్సొచ్చి, పెడలు రెండుసార్లు పిక్కకి కొట్టుకుంది. అయినా వదల్లేదు.