నలభై దినాల పత్యం

ధర్మవరంలో మా అత్తగారి వంటింటి గడప దగ్గర కాఫీ గ్లాసుతో నిలబడి చూస్తే, మా పాప పై పెదవి కింది పెదవి కంటే లావుగా కనిపించింది. తేనెటీగ కుట్టిందేమో అనుకున్నాను. పాప మెడ గోక్కుంటూ, "అమ్మా, నాలిక జిలపెడతాంది" అంది. ఆ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రాదు.

"ఏం తిన్నావే?"

జవాబు మా అత్త చెప్పింది, సంతోషంగా. "శెనక్కాయల ఉండ. గోరంతే పెట్టినాలేమ్మా. పత్యం విడిపించినా."

పాపకు వేరుశెనగ పడదని మా హిందూపురం డాక్టరమ్మ తేల్చి నలభై రోజులు దాటింది. మా వైపు శెనక్కాయ లేని చట్నీ లేదు, పొడి లేదు, వంకాయ కూర లేదు. ఎలర్జీ అంటే అత్తకు ఎక్కదేమోనని నేను తెలివిగా 'పత్యం' అని చెప్పాను. ఆమె నాకంటే నిష్ఠగా పాటించింది. ప్రతి ఆదివారం మేం వెళ్లేసరికి చట్నీలోకి పుట్నాలు, పాపకు వేరే గిన్నె. పక్కింటామె పాప చేతిలో గుప్పెడు కాయలు పెట్టబోతే కసిరి పంపింది.

కామెర్లకు ఆకుమందు తాగినవాళ్లకు మా ఇళ్లలో మండలం, అంటే నలభై దినాలు, పత్యం. అది నిండాక, మాన్పించిన వస్తువునే గోరంత తినిపించి విడిపిస్తారు. పాప మండలం శుక్రవారానికి నిండిందట. శనివారం మంచిది కాదని అత్త ఒకరోజు ఆగింది. ఆదివారం నేను స్నానానికి పోయినప్పుడు పాపను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి పని ముగించింది.

మా ఆయన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. పాపనూ, మా పెద్దోణ్నీ ఆటో ఎక్కించాను. అత్త చెప్పులు లేకుండానే ఎక్కింది.

"దినాలు నిండినాయి కదమ్మా!"

"దీనికి దినాలు లేవత్తా!"

"దినాలు లేని పత్యం యాడన్నా ఉంటాదా? ముందే చెప్పల్ల గదా!"

ఆటో అబ్బి వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "అవ్వా, పాపను గట్టిగా పట్టుకో. పోట్లాట ఆస్పత్రిలో పెట్టుకుందురు."

ఆస్పత్రిలో పాప తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరిలో గురగుర తగ్గింది. సాయంత్రం దాకా ఉంచుకున్నారు. డాక్టరు అత్తను కూర్చోబెట్టి చెప్పాడు. "పాప ఒంట్లో కాపలావాడు శెనక్కాయను దొంగ అనుకుంటాండాడవ్వా. వానికి క్యాలెండర్ తెలీదు."

పెనుకొండ కోర్టులో వకీలుగా ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి ఏడిస్తే, పాప బాగుందని విన్నాక వాడు నవ్వాడు. "అక్కా, నీ ఆర్డర్లో గడువేదీ? మేమైతే 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని రాస్తాం. కేసు వేస్తే అత్తమ్మే గెలుస్తాది."

నాకు కోపం వచ్చింది, వాడు చెప్పింది నిజం కాబట్టి. పెళ్లికి ముందు రెండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. సమీకరణం రాసి, x ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో రాయకపోతే మార్కు కోసేదాన్ని.

అయినా ఇంక పిల్లలకు ధర్మవరం బందు అని మనసులో తీర్పు రాసేశాను. అత్త అది నా ముఖంలోనే చదివినట్టుంది. పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఇంక పిల్లోళ్లను తోలుకరావు కదమ్మా?"

నేను లేచి పాప మంచం దగ్గరికి పోయాను. తిరుగు రైల్లో పాప నా ఒళ్లో నిద్రపోయింది. పెనుకొండ దాటేదాకా దాని ఊపిరి వింటూ ఆలోచించాను. ఒకటి బై x అనేది, x సున్నా అయిన చోట మాత్రం కుదరదు. అందుకని గ్రాఫు గీత మొత్తం చెరిపెయ్యమని నేనెప్పుడూ పిల్లలకు చెప్పలేదు. సున్నాను తీసేసి మిగతాదంతా ఉంచుకోమన్నాను.

మర్నాడు బడికి జడ వేస్తూ పాపతో చెప్పాను. "శెనక్కాయలు నీకు ఏ దినమూ వద్దు. డాక్టరమ్మ ఇంక పత్యం చాలు అనేదాకా, ఎవరు పెట్టినా వద్దను. అవ్వ పెట్టినా, నేను పెట్టినా."

"అయితే అవ్వ ఇంటికి పోమా?" అన్నాడు మా పెద్దోడు.

"పోతాం, ఈ ఆదివారమే. ముందు నేను వంటింట్లోకి పోయి అన్ని డబ్బాలూ చూస్తా. అంతవరకు మీరిద్దరూ వాకిట్లో ఆడుకోండి. పొద్దున్నే ఫోన్ చేసి అవ్వకు కూడా ఇదే చెప్పినా."