గుండయ్య బెండు కోటు

నెక్కొండ దగ్గరి పెద్ద చెరువులో చేపలు పట్టేవాళ్ల సంఘానికి కట్టయ్య పెద్ద. మొండితనంలోనూ పెద్దే. ఎవరు తెప్ప ఎక్కబోయినా ముందు వాళ్ల ఒంటి వైపు చూసేవాడు. నీళ్లలో పడ్డ మనిషిని తేల్చే నారింజ రంగు బెండు కోటు లేకపోతే తెప్పకు అడ్డంగా నిలబడేవాడు. ఒకప్పుడు ఆ కోటును అందరికంటే ఎక్కువ వెక్కిరించింది అతనే. ఊరు ఆ సంగతి మరిచిపోయింది కానీ కట్టయ్య మరవలేదు.

డెబ్బై ఏడులో సర్కారు వాళ్లు సంఘానికి అరడజను బెండు కోట్లు ఇచ్చిపోయారు. ఆ చెరువు మీద ఒక పద్ధతి ఉండేది. నీళ్లలో దిగేవాడు అంగీ విప్పి, గోచి బిగించి, దోసెడు నీళ్లు కళ్లకద్దుకుని దిగాలి. గంగమ్మ తల్లి దగ్గరికి ఒళ్లు కప్పుకుని పోవడం తప్పు. అందుకే ఆ కోట్లు సంఘం గదిలో కొయ్యలకు వేలాడాయి. కట్టయ్య తమ్ముడు గుండయ్య ఒక్కడే ముచ్చటపడి తొడుక్కున్నాడు.

“ఈత రానోని లెక్క ఏం ఏషంరా అది? తల్లి కాడికి గట్లనే పోతవా?” అని అన్న కసిరాడు.

“మంచిగనే ఉన్నదే అన్నా. ఎవలో పట్టుకున్నట్టే ఉన్నది,” అంటూ గుండయ్య నవ్వి విప్పేశాడు.

ఆ కోటు లోపలి బెండు తేలికగా, గట్టిగా ఉంది. వల పైఅంచు తేలేలా కట్టుకోవడానికి అలాంటిది వరంగల్ బజారులో కూడా దొరకదు. కట్టయ్యకు ఆశ పుట్టింది. కత్తితో తమ్ముడి కోటు చీల్చి, బెండును ముక్కలు కోసి, పాత గుడ్డ చుట్టి కొత్త వల పైతాడుకు కట్టాడు. కోటును ఎలుకలు కొట్టేశాయని తమ్ముడికీ మరదలు రాజవ్వకూ చెప్పాడు. ఆ వలను తమ్ముడికే ఇచ్చాడు.

మరుసటి ఏడు మృగశిరకు ముందు రోజు అందరూ చెరువు మీదే ఉన్నారు. తెల్లారితే ప్రతి ఇంట్లో చేపల కూర ఉడకాలి మరి. పొద్దు గూకే వేళ గాలిదుమారం లేచి గుండయ్య తెప్పను బోర్లా వేసింది. అతనికి ఈత రాక కాదు, కాళ్లకు వల చుట్టుకుంది. తెల్లవారి చూస్తే బెండ్లు నీళ్ల మీద వరసగా తేలుతున్నాయి. వాటి కింద గుండయ్య ఉన్నాడు. వలలోంచి తమ్ముణ్ణి విడిపించింది కట్టయ్యే.

నెల తిరిగాక ఆ బెండ్లనూ చీలిన కోటునూ తెచ్చి రాజవ్వ ముందు పెట్టాడు. “ఇవి ఇందుల పెట్టి కుట్టియ్యి బిడ్డా,” అన్నాడు. ఆమె ఏమీ అడగకుండా మందపాటి దారంతో కుట్టి ఇచ్చింది. “తప్పయితే నా మీదనే పెట్టు తల్లీ,” అని గంగమ్మకు మొక్కి, కట్టయ్య ఆ కోటుతోనే చెరువులో దిగాడు. నవ్వేవాళ్లు నవ్వారు.

ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి చెప్పాడు, బతిమాలాడు, తిట్టాడు. కొందరు విన్నారు. తమ్ముడి చావు గురించి చెప్పేవాడు గానీ కత్తి సంగతి చెప్పేవాడు కాదు. చెబితే రాజవ్వ మళ్లీ తన ముఖం చూడదని భయం. ఆ భయంతోనే ఏడేళ్లు ఆ ఇంటి గడపలో కూర్చుని ఆమె పెట్టిన చాయ్ తాగాడు.

ఎనభై ఐదులో కొత్త కోట్లు వచ్చాయి. మృగశిర రెండు రోజులుందనగా, చెరువు కట్ట మీద ముగ్గురు పిల్లల తండ్రి యాదగిరి తన కోటును ఒళ్లో పెట్టుకుని కత్తితో కుట్లు విప్పుతున్నాడు.

“వలకు బెండ్లు తక్కువ పడ్డయ్ మామా. నాకు ఈత రాదా ఏంది,” అన్నాడు.

పక్కనే రాజవ్వ గంపలో చేపలు సర్దుతోంది. కట్టయ్య ఆమె వైపోసారి, కత్తి వైపోసారి చూశాడు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ కోటు కూడా వలకే పోతుంది.

“గుండయ్య కోటు ఎలుకలు కొట్టలే యాదగిరీ. నేనే కోసిన. గిట్లనే, గీడనే కూసోని కోసిన. వల తేలింది, మావోడు మునిగిండు.”

యాదగిరి కత్తి కింద పెట్టాడు. రాజవ్వ గంప వదిలి లేచి వచ్చింది. కట్టయ్య తల ఎత్తలేకపోయాడు.

“నాకెరికే బావా,” అంది. “ఎలుకలు కొరికితే అంచు గంత తిన్నగ ఉంటదా? కుట్టేటప్పుడే ఎరికైంది. నీ నోటితోని చెప్తవేమోనని ఏడేండ్లు చూసిన.”

కట్టయ్య కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. రాజవ్వ యాదగిరి ఒళ్లోంచి కోటు తీసుకుని, విడిపోయిన కుట్టును వేలితో తడిమి చూసింది.

“జరంతనే పోయింది. ఎవలన్న సూదీ దారం తెండ్రి,” అని అక్కడే కూర్చుంది.