ఐసు కవరు పట్టుకుని కొట్టిన గోలు

గోలు కొట్టి సొంత జట్టు పరువు తీసిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. రాయచూరులో మా కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో మూడేళ్లు ఉన్నాను. ఉన్నానంటే, బెంచీ మీద ఉన్నాను. ఎవరైనా దెబ్బ తగిలి పడితే ఐసు కవరు, నీళ్ల బాటిళ్లు పట్టుకుని ఉరకడం నా పని. ఒక్క ఐదు నిమిషాలు ఆడనిస్తే చాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కలలో కూడా మా కోచ్ సారు నన్ను పిలిచేవారు, నేను బూట్లు కట్టుకునేలోగా తెల్లారిపోయేది.

అది నా చివరి ఏడాది, చివరి మ్యాచ్. ఎదుట సిరవార జట్టు. పొద్దున్నే సారును పట్టుకున్నాను.

"సార్, ఇయ్యాలన్నా నన్ను దింపుతరా?"

"సూద్దాం తియ్యి పద్మా. ఫస్టియర్ పిల్ల, ఆ భాగ్యను గూడ ఆడియ్యాలె గద. ఆడకుంటే దానికెట్లొస్తది?"

"దానికింకా రెండేండ్లున్నయి సార్. నాకు ఈ పూటనే ఉంది."

సారు జట్టు చీటీ చూసుకుంటూ వెళ్లిపోయారు.

రెండో సగంలో మా రుక్సానా మడమ మెలికపడి సరిగ్గా సిరవార గోలు ముందు కూలబడింది. ఐసుతో వాలిపోయాను. "నా కాలు పోయిందే" అని అది ఏడుస్తుంటే, "ఏం గాదు, ఊకో" అంటూ ఐసు అదిమాను. భాగ్యా, ఇంకో పిల్లా వచ్చి దాన్ని మోసుకుపోయారు. నేను బాటిళ్లు ఏరుకుంటూ ఉండిపోయాను. కాస్త నిదానంగానే ఏరాను, మీ దగ్గర దాపరికమెందుకు. ఒంటి మీద జట్టు చొక్కానే ఉండటంతో రెఫరీ గమనించక, ఆట మళ్లీ మొదలుపెట్టమని ఈల ఊదేశాడు. బంతి ఎవరి కాలికో తగిలి, దొర్లుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను తన్నాను.

గోలు. ఐసు కవరు ఊపుతూ మైదానమంతా పరుగెత్తాను. రెఫరీ కూడా నా వెంటే పరుగెత్తాడు. మెచ్చుకోవడానికేమో అనుకున్నాను.

"నువ్వెవరమ్మా?"

"పద్మ, సార్."

"పేరు గాదు. లోపల ఏం చేస్తున్నవ్?"

"ఐసు తెచ్చిన సార్."

ఆయన మా వాళ్లను వేలితో లెక్కపెట్టాడు. నాతో కలిపి సరిగ్గా పదకొండు మంది. "లెక్క సరిపాయె గద సార్" అన్నాను ఆశగా. ఆయన ఎర్ర కార్డు తీశాడు. నా గోలు కూడా చెల్లదని కొట్టేశాడు.

గీత దాటగానే సారు తల పట్టుకున్నారు. "యాడికి పోయినవే తల్లీ? రుక్సానా పడంగనే నిన్నే దింపాలనుకున్న. రెఫరీకి చెబుదామని బెంచీ దిక్కు చూస్తే నువ్వు లేవు. బెంచీ కింద గూడ చూసిన."

"లోపలనే ఉన్న సార్."

"అదే గద ఏడుపు."

భాగ్య దిగింది. ఎర్ర కార్డు పడినవాళ్లు బెంచీ మీద కూడా కూర్చోకూడదట, ఆ జాగా కూడా పోయింది. గేటు బయట నిలబడి దాని ఆట చూశాను. బాగా ఆడింది. అది ఇంకా ఎక్కువ ఏడిపించింది.

ఇప్పుడు నేనొక బట్టల దుకాణంలో పని చేస్తున్నాను. ఇంటికి పోతూ ఆ మైదానం పక్కన ఈల వినబడితే నా కాళ్లు ముందుకు పడవు. ఆడాలని ఉంది, ఇప్పటికీ.

కాబట్టి మీ అందరి ఎదుట ఒట్టు వేస్తున్నాను. ఇకపై ఎవరి కాలు బెణికినా, ఎవరెంత ఏడ్చినా, పిలుపు రానిదే గీత దాటను. బెంచీ మీదే, సారుకు కనబడేట్టు, కదలకుండా కూర్చుంటాను. ఎవరైనా కూర్చోనిస్తే.