నాలుగు వేళ్ల పొడవు ఎక్కువైన ఇంజన్

'నాకు తెలియదు' అనే మాట నోటికి అలవాటు కాని వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నేను కుప్పంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ, ట్రాక్టరుకు పెద్ద ఇంజన్ బిగించే వీడియోలు ఫోన్లో మూడు చూసి ఉన్నాను. (మూడింట్లోనూ పని పది నిమిషాల్లో అయిపోయింది.) తంబళ్లపల్లె దగ్గర మా ఊళ్లో చిన్నాయన ట్రాక్టరు ముసలిదై, మిట్ట చేలో నాగలి దించగానే ఆయాసపడి ఆగిపోయేది. సెలవుల్లో ఆయన్ను ఒప్పించి, పుంగనూరు పాత సామాన్ల అంగట్లో ఒక లారీ ఇంజన్ కొనిపించాను. మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ భాయ్ దాని చుట్టూ తిరిగి చూసి, "కొలతలు తీసుకుంటివా సామీ?" అన్నాడు. ఎత్తూ వెడల్పూ తీసుకున్నాను. పొడవు కూడా ముఖ్యమని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ట్రాక్టరుకు ఇంజనే నడుము కాబట్టి, పాతది దించాక బండి రెండు ముక్కలై రాళ్ల మీద నిలబడింది. కొత్తది పెట్టి చూస్తే నాలుగు వేళ్ల పొడవు ఎక్కువై, ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ఉండాల్సిన చోటు ఆక్రమించింది. రేడియేటర్‌ను ముందుకు జరపడానికి ఇనుప స్టాండు చేయించాలి, వారం పడుతుందన్నాడు భాయ్. ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. ఊరంతా వాన రావాలని చేతులు జోడించింది. నేనూ జోడించాను, రావద్దని. రైతు ఇంట పుట్టి అలా మొక్కినవాణ్ణి మండలం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కుండపోతగా కురిసింది. మా నేలలో విత్తడానికి సరిపడే పదును మూడు రోజులుంటుంది. ఈలోగా వేరుశనగ విత్తనం పడకపోతే ఆ ఏడు పంట లేనట్టే. ఊళ్లో మిగతా ట్రాక్టర్లన్నీ ఎవరి చేలో వాళ్లవి.

"ఏమప్పా, వాన వచ్చేసె. బండి యాడుండాది?" అన్నాడు చిన్నాయన, తడుస్తూనే. తిట్టి ఉంటే బాగుండేది.

పిన్నమ్మ అందుకుంది. "యాడుండాదేంది? ఆడొక ముక్క, ఈడొక ముక్క. రెండు చేన్లూ ఒకేసారి దున్నుకోండి!"

భాయ్‌కు పానాలు అందించడమే నా పనైంది. రెండో రోజు మధ్యాహ్నం భాయ్ పానా కింద పెట్టి, "బావికాడ నీళ్లింజన్ ఎట్లా సల్లబడతాది? డ్రమ్ము నీళ్లతోనే గదా! ఈడా అంతే," అన్నాడు. రాత్రికల్లా ముక్కలు రెండూ ఒకటయ్యాయి. రేడియేటర్‌కు బదులు ఇనుప డ్రమ్ము బంపర్ మీదకెక్కింది, రెండు రబ్బరు గొట్టాలతో. అయితే అది కదలకుండా ఎవరో ఒకరు పట్టుకుని, బిందెతో చన్నీళ్లు పోస్తుండాలి. అందరూ నా వైపు చూశారు.

మూడో రోజంతా బంపర్ మీద కూర్చుని, తడి గోనెసంచి చుట్టిన ఆ డ్రమ్మును వాటేసుకుని, ఇంజన్ వేడెక్కి ఎక్కడ బిగుసుకుపోతుందోనని సాలు సాలుకూ నీళ్లలో వేలు పెట్టి చూశాను. (వేలు ఇప్పటికీ నాతోనే ఉంది.) డ్రమ్ములోంచి లేచే ఆవిరి చూసి పక్క చేలోంచి ఎవరో అరిచారు: "ఓ ఇంజనీరప్పా, టీ అయ్యిందా?"

వెనక పిన్నమ్మ సాల్లో విత్తనం వేస్తూ వచ్చింది. మిట్ట మీద ఇంజన్ ఒక్కసారీ ఆగలేదు. పొద్దు గూకేలోపు చివరి సాలు ముగించి, చిన్నాయన బండి ఆపి ముందుకొచ్చాడు. నన్ను కిందా మీదా చూసి, "దిగప్పా, నువ్వూ ఉడికినావు," అన్నాడు.

తర్వాత చాలా సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. ఆ డ్రమ్మును పట్టుకున్నంత గట్టిగా వేటినీ పట్టుకోలేదు.