చప్పుడు చేయని గాజులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జరిగింది ఇది. బాపట్ల బజారులో మాది గాజుల కొట్టు. మావారు పోయినప్పటి నుంచి నేనే కూర్చుంటున్నాను. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

కర్లపాలెం నుంచి నాగమణి వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండి వడ్డించే మనిషి.

"పిన్నీ, చప్పుడు చెయ్యని గాజులున్నాయా?"

"మోగకపోతే అవి మట్టి గాజులేంటే? మీ అత్త ఊరుకుంటదా?"

ఆమె నవ్వలేదు. "సాంబారు పోస్తుంటే చెయ్యి వణుకుతుంది. గాజులు గలగలమంటే అందరూ ఇటే చూస్తున్నారు. నిన్న ఓ బిడ్డ కంచం పక్కన వేడి సాంబారు ఒలికింది. ఇంకోసారైతే వేరేవాళ్లని పెట్టుకుంటామన్నారు హెడ్మాస్టారు. మా నాన్నకీ ఇంతే. తాగుబోతు వణుకన్నారు."

గాజులు ఎక్కించాలంటే చెయ్యి వదులుగా మా ఒళ్లో పెట్టాలి. ఆమె సైజు రెండు నాలుగు. డజను ఎక్కించాను, ఒక్కటీ మోగలేదు. టీ తెప్పించి ఇచ్చాను. గ్లాసు నోటి దగ్గరకు వెళ్లేసరికి గలగల.

"ఒళ్లో ఉంటే మోగట్లేదే! పద, తెనాలి పోదాం, నరాల డాక్టరు దగ్గరకి."

"అది వణుకుడు రోగం, ఆ పార్కిన్సన్సే అని తేలితే? పని పోద్ది పిన్నీ."

"దాచుకుంటే మాత్రం ఉంటదా?"

కొట్టు మూసి రైలెక్కించాను.

డాక్టరుగారు ఆమె చేత కాగితం మీద సున్నాలు చుట్టించారు, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయించారు, నడిపించారు, మణికట్టు తిప్పి బిగుసుకుందేమో చూశారు. థైరాయిడ్ పరీక్ష రాశారు. ఆయాసం మందులు వాడుతున్నావా అని అడిగారు, కొన్ని మందులకీ చెయ్యి వణుకుతుందట. నేను గాజుల సంగతి చెప్పాను.

"అది పనికొచ్చే మాటేనండి. ఊరికే ఉన్న చెయ్యి వణికితే పార్కిన్సన్స్ ఏమోనని చూస్తాం. పని చేసేటప్పుడు వణికితే ఎక్కువగా ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే రకం వణుకు. తండ్రి నుంచి బిడ్డకి రావచ్చు."

"మరి మా నాన్న తాగుడండీ?"

"సారా తాగితే ఈ వణుకు కొందరికి కాసేపు తగ్గుతుందమ్మా. అలా అలవాటై ఉండొచ్చు."

"అయితే తాగి వణకలేదన్నమాట, వణికి తాగాడు," అంది నాగమణి. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడే ఏడ్చేసింది.

థైరాయిడ్ బాగానే ఉంది, ఎసెన్షియల్ ట్రెమరే అని తేల్చారు. వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ బిళ్లలు ఆయాసం ఉన్నవాళ్లకి పడవట, నాగమణికి ఆయాసం లేదు కాబట్టి అవే రాశారు. పూర్తిగా పోదు, తగ్గుతుందన్నారు. తగ్గింది. హెడ్మాస్టారికి తనే వెళ్లి చెప్పింది. చిన్న గరిటె పెట్టుకుంది, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని పోస్తుంది. పని నిలబడింది.

మళ్లీ వచ్చినప్పుడు, "బాగా మోగేవి తియ్యి పిన్నీ. మోగితే మోగనీ, సాంబారు ఒలకట్లేదుగా," అంది.

అప్పటి నుంచి చెయ్యి వణికేవాళ్లు ఎవరొచ్చినా సైజుతో పాటు ఇంకోటి అడుగుతున్నాను: ఊరికే ఉంటే మోగుతున్నాయా, పని చేస్తే మోగుతున్నాయా? ఆ మాటే వెళ్లి డాక్టరుకి చెప్పమంటాను. చప్పుడు చేయని గాజులు మాత్రం మా కొట్లో ఇప్పటికీ పెట్టలేదు.