పరాయి సీసాలో పెద్దమ్మ చేతిరుచి

మా పెద్దమ్మ పోయింది. పెదబయలు నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పొద్దున్న లెగలేదే" అన్నాడు. అరకులో నేను పనిచేసే కాఫీ షాపులో అప్పుడు గింజలు వేయిస్తున్నాను. ఆ వాయి మాడిపోయింది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. నాకు ఒళ్ళు మండుతోంది, అది కూడా రాస్తాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. హాస్టల్ నుంచి పారిపోయి వచ్చిన ప్రతిసారీ కడుపునిండా పెట్టి, మర్నాడు తానే నడిపించుకెళ్ళి దిగబెట్టేది. ఒక్క దెబ్బ వేసి ఎరగదు.

చోడిపిండి, అదే రాగిపిండి, పులియబెట్టి చేసే మత్తుపానీయం లందా మా ఊళ్ళో ఇంటింటా ఉంటుంది. పెద్దమ్మ లందా దారి వేరు. పిండిముద్దల్ని అడ్డాకుల్లో చుట్టి, అంచులు నల్లబడేదాకా నిప్పుల మీద కాల్చేది. అంతవరకు నన్ను పక్కనే కూర్చోబెట్టుకునేది. కుండలో దంచిన అడవివేరు కలిపే వేళకి మాత్రం, "ఓలే గుంటా, బేగి నీలట్టుకురా" అని నీళ్ళకు తరిమేసేది. నేను వచ్చేసరికి కుండకు మూత పడి ఉండేది.

"ఏటి కలిపావే?" అంటే, "సెప్తాను గదే, ఏటంత కంగారు? నీకు కాపోతే ఇంకెవలకి సెప్తాను!" అనేది. ఆవిడకి పిల్లల్లేరు. నేను నమ్మాను.

పెళ్ళయ్యాక మా ఆయనతో చర్చికి వెళ్తూ రెండేళ్ళు లందా మానేశాను. "అది పాపం, నాకొద్దు" అని ఆవిడ మొహం మీదే అన్నాను. తర్వాత బుద్ధొచ్చి మళ్ళీ పక్కన చేరితే, ఎండు ఆనపబుర్రతో లందా ముంచి పోసిచ్చింది. కలిపే వేళకి మళ్ళీ నీళ్ళకు పంపింది.

ఇప్పుడు పెద్ద దినం దగ్గరపడింది. ఆ రోజు సమాధిరాయి మీద ఆ ఇంటి లందాయే పోయాలి. "నీకు తెల్సు గదమ్మా, నువ్వే కలుపు" అన్నారందరూ. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ వారమే విశాఖ నుంచి బీరు తయారుచేసే ఒకాయన మా షాపుకి వచ్చాడు. మా కాఫీ వేసి చేసిన స్టౌట్ అనే నల్లబీరు అట, రుచి చూడమని గ్లాసులో పోశాడు. నల్లగా, చిక్కగా ఉంది. మొదట చాక్లెట్ కేకు, తర్వాత బెల్లంపాకం, కాఫీ. తీపి వెనకాలే ఘాటు చెవులదాకా ఎక్కింది. అబ్బ, బాగుందే అనుకుంటూ మింగాను. అప్పుడు గొంతులో తగిలింది మాడిన చోడిముద్ద, దాని వెనక సన్నటి వగరు. ఆ వగరు నేను ఒక్క కుండలోనే ఎరుగుదును.

"ఇదెవరు నేర్పారు మీకు?"

"పెదబయలులో ఒక పెద్దావిడండి. మూడేళ్ళయింది. 'మా ఇంట్లో దీన్ని ముట్టుకునేవాళ్ళు లేరు, నువ్వైనా నేర్చుకో' అన్నారు."

నేను ముట్టనన్న రోజులే అవి. సరే, తప్పు నాదే. కానీ తిరిగొచ్చాను గదా! పరాయివాడికి అప్పగించేశాక కూడా నన్నెందుకు నీళ్ళకు పంపావే పెద్దమ్మా? నాకే చెప్తానని ఎందుకన్నావు? ఇంత మోసం నువ్వు చేస్తావనుకోలేదు.

పోయిందని చెబితే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదీ నాకు నచ్చలేదు. అయినా ఆయన్నే అడగాల్సి వచ్చింది.

మర్నాడు పెద్దమ్మ ఇంటికి వచ్చి, ప్యాంటు మడుచుకుని నేల మీద కూర్చున్నాడు. ఏ వేరు, ఎంత దంచాలి, ఎప్పుడు కలపాలి, అన్నీ చూపించాడు. మూత పెట్టాక వంగి, కుండకి చెంప ఆనించాడు.

"లోపలి వేడి ఇలాగే చూడాలనేవారండి. మీరు చూసే ఉంటారు."

"చూశాను," అని అబద్ధమాడాను.

ఆయన కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ ఎంతసేపు అలా ఉండేదో ఆయనకే తెలుసు.