గవర్నరు మూలలో పదిహేనో మనిషి

ఆర్లిస్ హార్మ్స్ కత్తెర పట్టి ముప్పయ్యేళ్లయింది. మా ఊళ్లో ఆడవాళ్ల తలలన్నీ ఆమె చేతి కిందివే. జుట్టు కత్తిరించేవాళ్ల దగ్గర ఎవరూ నోరు మూసుకుని కూర్చోలేరు కాబట్టి, కాకస్ రోజున ఎవరు ఎవరి వైపో ఆమెకు ముందే తెలిసిపోయేది. రాష్ట్ర రాజధాని డిమోయిన్ నుంచి దిగిన విలేకరులు కూడా మొదట ఆమె దుకాణం తలుపే తట్టేవారు. ఆమె అంచనా తప్పిన సంవత్సరం లేదు. ఇంతా చేసి, ఊరందరి మనసూ తెలిసిన మనిషికి తన మనసు బయటపెట్టే యోగం మాత్రం లేదు.

కాకస్ అంటే దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఊరూరా తేల్చే సభ; చీటీ మడిచి పెట్టెలో వేసి రావడం కాదు. బడి వ్యాయామశాలలో, అందరూ చూస్తుండగా, నచ్చిన అభ్యర్థి మూలకు నడిచి వెళ్లి నిలబడాలి. చనిపోయిన భర్తకు అన్న, ధాన్యం గిడ్డంగి యజమాని వెండెల్ ఏ మూలన ఉంటే ఆర్లిస్‌దీ ఆ మూలే. ఆమె దుకాణం ఆయన భవనంలో, ఆదివారం భోజనం ఆయన ఇంట్లో. పోనీ చెడ్డవాడా అంటే అదీ కాదు. భర్త పోయిన చలికాలమంతా తెల్లారకముందే వచ్చి ఆమె వాకిట్లో మంచు తోసిపోయిన మనిషి. చెడ్డవాడైతే ఏనాడో ఎదిరించేది.

ఈసారి పోటీలో ఒక గవర్నరు, ఒక సెనేటరు, ఒక మేయరు, ఒక టీచరమ్మ; వెండెల్ గవర్నరు వైపు. ఆర్లిస్ మనసు మాత్రం టీచరమ్మ మీద. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. మంచాన పడ్డవాళ్లకు ఇంట్లో సేవలు చేసే ఆడవాళ్ల గురించి మా లైబ్రరీలో మాట్లాడింది. భర్తను మూడేళ్లు మంచంలోనే చూసుకున్న ఆర్లిస్‌కు, తన గురించి ఒక నాయకురాలు మాట్లాడగా వినడం అదే మొదలు. ఇంటికొచ్చి ఏడ్చింది.

టీచరమ్మ మూలకు పెద్ద లవాన్, ఆర్లిస్ చిన్ననాటి స్నేహితురాలు.

"మా మూలకొస్తావా రావా? నిజం చెప్పవే" అని నిలదీసింది, జుట్టుకు రంగు వేయించుకుంటూ.

"వస్తానే. కాకపోతే తిన్నగా రాను. ముందు వెండెల్ పక్కన నిలబడతా. గవర్నరుకి ఈ ఊళ్లో నూటికి పన్నెండుమంది కూడా రారు. పదిహేను లేని గుంపు చెదిరిపోయి వేరే మూలల్లో చేరాల్సిందేగా? అప్పుడు నీ దగ్గరికొచ్చేస్తా. ఆయనా ఏమీ అనలేడు."

"ఆ డొంకతిరుగుడెందుకు? నేరుగా రారాదూ!"

"ఆదివారం భోజనం నువ్వు పెడతావా మరి?"

"నా వంటా? అంత పాపం నువ్వేం చేశావులే!"

ఆ సాయంత్రం తలుపులు మూసి లెక్కపెడితే సరిగ్గా వందమంది తేలారు. ఆర్లిస్ గవర్నరు మూలకు వెళ్లి చూసి కంగారుపడింది. సెనేటరుకే తన ఓటని ఆమె కుర్చీలో కూర్చుని ప్రమాణం చేసిన పోస్టాఫీసు ఆవిడ అక్కడుంది. పళ్ల డాక్టరున్నాడు. పందులు పెంచే ఓర్విల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వూ ఇదే పని మీదొచ్చావా?"

"ఏ పని?"

"వెండెల్‌కి మొహం చూపించి, గుంపు విడిపోగానే అటు చెక్కేసే పని. నా మొక్కజొన్నంతా ఆయన గిడ్డంగిలో ఉంది, ఏం చెయ్యను!"

ఆర్లిస్‌కు తన పొరపాటు తెలిసొచ్చింది. ఎవరి మనసులో ఎవరున్నారో లెక్కవేసింది గానీ, ఎవరికెంత మొహమాటముందో లెక్కవేయలేదు. మొహమాటానికి పోతే కడుపయిందని ఊరికే అన్నారా? ఇంకా లెక్క మొదలుకాలేదు, వెళ్లిపోవచ్చు. కాలు కదిపింది. అంతలో వెండెల్ చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"అందరూ మానేసినా నువ్వొస్తావని నాకు తెలుసమ్మాయ్" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆర్లిస్ కాలు వెనక్కి తీసుకుంది.

వరుసగా ఒక్కొక్కరూ తమ అంకె పైకి చెప్పాలి. ఓర్విల్ పద్నాలుగన్నాడు. చివర ఆర్లిస్.

"పదిహేను" అంది. 

"గవర్నరు గుంపు నిలిచింది. ఇందులోవాళ్లు ఇక కదలడానికి లేదు!" అని సభాధ్యక్షుడు అరిచాడు. వెండెల్ టోపీ ఎగరేశాడు. ఆయన వెనక పోస్టాఫీసు ఆవిడ, పళ్ల డాక్టరు నేల చూపులు చూస్తున్నారు.

సెనేటరు మూల, మేయరు మూల కూడా నిలిచాయి. ఆఖరున టీచరమ్మ మూల. లవాన్ తన అంకె పద్నాలుగని చెప్పి, ఎదుటి మూలకేసి చూసింది. అరువు తెచ్చుకోవడానికి ఇంకో మనిషి ఎక్కడా మిగల్లేదు. ఆ పద్నాలుగుమందీ ఇప్పుడు వేరే మూల వెతుక్కోవాలి.

వెండెల్ ఆర్లిస్ చేతిలో చొక్కాకి తగిలించుకునే గవర్నరు బిళ్ల పెట్టాడు. "లవాన్ నీ మాట వింటుంది. వెళ్లి మన వైపు పిలుచుకురా."

ఆర్లిస్ వెళ్లింది. అందరూ చూస్తుండగా వ్యాయామశాల ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. ఏళ్ల తరబడి నడవాలనుకున్న నడకే అది. లవాన్ ఎదుటకొచ్చి నిలబడింది. బిళ్ల కనబడకుండా పిడికిలి మూసింది.

లవాన్ ఆ పిడికిలి చూసింది, ఆమె మొహం చూసింది. ఇంటికి పోవడానికి కోటు తొడుక్కుంది.

"వస్తానన్నావు," అంది మెల్లగా, "వచ్చావు."